అక్క తేలిన అజొల్లా తొట్టి

ఆ రోజుల్లో మనిషికి ఏ బాధ వచ్చినా నవ్విస్తే పోతుందని నా నమ్మకం. తొమ్మిదో క్లాసులోనే బడికి దండం పెట్టి బయటికొచ్చినవాడికి అంతకంటే పెద్ద వైద్యం ఎట్ల తెలుస్తుంది? పెండ్లిండ్లలో నవ్వించేవాణ్ణి, కర్మ భోజనాల్లో నవ్వించేవాణ్ణి. తమిళనాడు కారిమంగళంలో నేను మూటలు మోసే ఎరువుల అంగడికి, పురుగు కొట్టిన టమాటా ఆకును రెండు చేతుల్లో పెట్టుకొని ఏడుపు మొగంతో వచ్చే రైతును గూడా నవ్వించి పంపేవాణ్ణి. ('నీ నోటికి బీగం లేదురా' అని మా ఓనరు తిట్టేవాడు. తిడతానే నవ్వేవాడు.) నేను నవ్వించలేకపోయింది ఒక్క మా అక్కనే. అది గూడా మా బావ పోయిన తర్వాత.

బావది కుప్పం పక్క. బెంగుళూరులో వ్యాను తోలేవాడు. మా ఇండ్లలో తెలుగు మాట్లాడేదే గానీ రాసేది లేదు, బడంతా అరవమే. నాకు తెలుగు అక్షరాలు నేర్పించింది ఆయనే, సెలవులకు వచ్చినప్పుడు పెరట్లో మట్టి మీద పుల్లతో గీసి. (నేను 'అ' రాస్తే, 'ఇది అ కాదు బామ్మర్దీ, కాలిరిగిన ఎండ్రకాయ' అని కడుపు పట్టుకొని నవ్వేవాడు.) నేను జోకు సగం చెప్పేలోపల నవ్వేసే మనిషి. అట్లాంటి మనిషిని ఒకరోజు రోడ్డు మీద లారీ కొట్టేసింది. బిడ్డా పాపా లేని అక్క, ఒక సంచి పట్టుకొని మా ఇంటికి వచ్చేసింది.

వచ్చినప్పటి నుంచి పడపడప్పు. గుండె దడదడా కొట్టుకునేదానికి మా పక్క ఆ మాటే చెప్తారు. హైవే మీద హారన్ మోగితే చాలు, అరచేతులు చల్లబడి, ఊపిరి అందక గోడ పట్టుకునేది. బస్సు పేరెత్తితే వణుకు. నిద్ర అసలే లేదు. ఆటోలో కండ్లు మూయించి ధర్మపురికి తీసుకొనిపోయి డాక్టరమ్మకు చూపించినాము. 'ఇదయం నల్లా ఇరుక్కు, భయందాన్' అనింది ఆమె. గుండె బాగుంది, ఉండేది భయమేనంట. మాత్రలిచ్చి, మనసులో ఉండేది ఎవరితోనైనా మాట్లాడమని చెప్పింది. అక్క మాత్రలు మింగింది. మాట్లాడేది మాత్రం చేయలేదు. దానికి బదులుగా నేనే మాట్లాడినాను, ఇద్దరికీ సరిపోయేంత.

ఒకరోజు చింతకాయలు కొడతా కొడతా అక్కే నోరు తెరిచింది. "బెంగుళూరులో నేను పని చేసిన చోటికి ఇట్లాంటోళ్ళే వచ్చేవాళ్ళురా. దడ, నిద్ర లేకపోయేది. అంతా సాఫ్ట్‌వేర్ పిల్లకాయలు."

"ఏం మందు ఇచ్చేవాళ్ళు?"

"మందు లేదు. చీకటి రూములో తొట్టి. తొట్టి నిండా ఉప్పు నీళ్ళు, ఒంటి వేడి ఎంతో అంతే వేడి. వెలుతురుండదు, చప్పుడుండదు. మనిషి బెండు మాదిరి తేల్తాడు. బయటికొచ్చినప్పుడు వాళ్ళ మొగాలు చూడాల, అప్పుడే నిద్ర లేచిన పసిబిడ్డల మాదిరి ఉంటాయి."

"నువ్వెప్పుడన్నా పండుకున్నావా?"

"తొట్టి కడిగేది గదరా నా పని."

ఉప్పు పేరేందని అడిగితే మెగ్నీషియమో ఏదో అనింది. నేను ఎగిరి దుమికినాను. చెట్ల ఆకులు పసుపుబడితే మా అంగడిలో ఇచ్చేది అదే! గోడౌను మూలలో వానకు తడిసి, గట్టిపడి, ఎవరూ కొనని మూటలు పడుండాయి. ఓనరు దగ్గరికి పోయి తల గోక్కున్నాను.

"ఏ చెట్టుకురా?"

"మా అక్కకు."

"ఆకు పసుపుబడిందా?" అన్నాడు ఆయన. నా నోరు మూయించినోడు ఆయనొక్కడే. మళ్ళా ఆయనే, "తీసుకొనిపో" అన్నాడు.

తొట్టి మా ఇంట్లోనే ఉండె. ఆవుకు మేపే అజొల్లా నాచు పెంచేదానికని కొట్టం వెనక తవ్వి, తార్పాలు పట్ట పరిచిన గుంత. మనిషి పొడుగు, మోకాలి లోతు. నాచు తీసేసి, కడిగి, ఉప్పు కరిగించి, పైన వాసాలు వేసి ఇంకొక పట్ట కప్పినాను. మా అవ్వకు చెముడు. అరవంలో తొట్టి అంటే నీళ్ళది, తొట్టిల్ అంటే ఉయ్యాల. అవ్వ చెవికి రెండోదే చేరింది. "ఇంత పెద్దదానికి తొట్టిలేందిరా?" అని బుగ్గ నొక్కుకునింది. సరే, కట్టేదే కడతా ఉండాడు గదా అని సలహా గూడా ఇచ్చింది. "పక్కన ఎవురన్నా కూసోని పాడాల నాయనా. చప్పుడు లేకుండా తొట్టిల్లో ఎవురికి నిద్రొస్తుంది?"

"అవ్వా, చప్పుడు లేకుండా ఉండేదే దీని వైద్యం!"

"నీ మొగం వైద్యం" అనింది అవ్వ.

మొదట నేనే పండుకొని చూసినాను. మూటలు మోసి గీసుకుపోయిన మోచేయి ఒకటుందని మరిచిపోయినాను. ఉప్పు తగలంగానే వేసిన కేకకు పైనున్న పట్ట నా మీదే పడింది. నేను లోపల గింజుకుంటా ఉంటే, ఆవు తాడు తెంపుకొని వచ్చి మెడ చాపి నీళ్ళు తాగేసింది. ఆ ఉప్పు కడుపులోకి పోతే ఏమయితుందో చెప్పను, కొట్టం కడిగినవాణ్ణి నేనే. "అక్కకు వైద్యం చేస్తానని ఆవుకు చేసినావు గదరా" అని అవ్వ అంటే, అక్క పెదవి ఒక పక్క సొల్పం కదిలింది. నేను చూసినాను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం, నీళ్ళు మార్చి, మళ్ళా ఉప్పు కరిగించి, ఉడుకు నీళ్ళు కలిపి, పాత చీరతోనే అక్కను దింపినాను. నిజంగానే తేలింది. పట్ట మూసినాను.

"ఒరే."

"ఆ?"

"పోవద్దురా. చిమ్మచీకటి. మాట్లాడ్తా ఉండు."

వైద్యం చప్పుడు లేకుండా ఉండేది, రోగి అడిగేది మాటలు. మాటలేగా, నాకు కరువా? పక్కన కూసోని ఓనరు మాదిరి మాట్లాడినాను, అవ్వ మాదిరి మాట్లాడినాను. "అక్కా, వింటా ఉండావా?" అంటే జవాబు లేదు. అప్పుడు తట్టింది, తేలేవాళ్ళ చెవులు నీళ్ళలో ఉంటాయని. అంటే నేను చెప్తా ఉండేది ఆవుకు. (దానికి అప్పటికే నా మీద కోపం.) అయినా మాటిచ్చినాను గదా, ఆపలేదు. జోకులన్నీ అయిపోయినాయి. అయిపోయినాక, మిగిలింది బావ.

ఆయన పోయిన రోజు పొద్దున నాకు ఫోను చేసినాడు. నేను జోకు మొదలుపెట్టినాను. 'బావా, ఒకాయన అంగడికొచ్చి, వంగతోటకు నిద్రమందు ఉందా అని అడిగినాడు' అనేలోపల నవ్వేసి, 'లోడు ఎక్కిస్తా ఉండారు, మిగతాది సాయంత్రం చెప్పు' అని పెట్టేసినాడు. ఆ మాట తొట్టి పక్కన కూసోని ఆవుకు చెప్పినాను. "మిగిలిన సగం ఎవురికి చెప్పేది బావా?" అన్నాను. అని, తుండుగుడ్డ నోట్లో కుక్కుకొని ఏడ్చినాను. ఎంతసేపని అడగవద్దు.

పట్ట ఎత్తి చూస్తే అక్క నోరు తెరుచుకొని నిద్రపోతా ఉండె. లేచినాక, ముడతలుపడిన వేళ్ళు చూసుకుంటా, "ఏమన్నా చెప్పినావా? చెవుల్లో నీళ్ళు" అనింది. "ఏముంది, జోకులే" అన్నాను.

ఆ తర్వాత ఎన్నోసార్లు పండుకునింది. మాత్రలూ నడిచినాయి. మెల్లమెల్లగా మంచం మీద గూడా నిద్ర వచ్చింది. బస్సు ఎక్కేదానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు హరూరులో కుట్టుమిషను పెట్టుకొని దినమూ పోయి వస్తుంది. నేను మాత్రం మా ఉప్పు మహిమను ఊరూరా చెప్పుకొని మీసం మెలేసినాను.

మొన్న బస్సుస్టాపులో నిలబడి ఉంటే అక్క అడిగింది. "ఒరే, వంగతోటకు నిద్రమందు అన్నావే, మిగతా సగం ఏందిరా?"

"ఆ పొద్దు చెవుల్లో నీళ్ళన్నావే?" అన్నాను.

"మొదట భయానికి తల పైకెత్తి పట్టుకోనుంటిని. నువ్వు ఏడ్చేది వినపడె. ఆయన కోసం ఏడ్చేది నేనొక్కదాన్నే కాదు గదా అనిపించె. అప్పుడు తల వదిలేస్తిని."

చెప్పినాను. "తోటకెందుకయ్యా నిద్రమందు అంటే, అది పండుకుంటే గదా కాపలా ఉండే నేను పండుకునేది, అన్నాడు."

అక్క నవ్వలేదు. "ఇంతేనా? ఆయనైతే దీనిక్కూడా నవ్వేసుండేవాడు" అనింది. పెద్ద హారన్ వేసుకుంటా హరూరు బస్సు వచ్చింది. అక్క చెంగు బిగించుకొని ఎక్కేసింది.

తొట్టి పక్కన కూసోని, వినేది ఆవొక్కటే అనుకొని, నోట్లో గుడ్డ కుక్కుకున్న ఆ పిల్లోణ్ణి తలుచుకొని, బస్సు పోయిన దిక్కు చూస్తా, నాలో నేనే నవ్వుకున్నాను.