అంచు లేని గొంగళి కోటు

ఆ మాట అన్నది మా స్కూలు మేనేజరు. అన్నప్పుడు ఆయన ఎక్కడ నిలబడ్డాడో, చేతిలో నిమ్మకాయ నీళ్ళ గ్లాసు ఎంతవరకు ఖాళీ అయిందో కూడా నాకు గుర్తుంది. కర్నూలులో మా మిషను స్కూలు ఆటల పోటీల రోజు అది. పది నెలలు ఆ గులకరాళ్ళ మైదానంలో పిల్లలను పరిగెత్తించింది నేను. తెల్లవారుజామున లేచి సున్నంతో గీతలు గీసింది నేను. తీరా స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారి బండి గేటు దగ్గరికి వచ్చాక, మేనేజరు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కోటు లేకుండా ఆయన ఎదుట ఎట్ల నిలబడతావప్పా? నువ్వు ఆ తాడు కాడికి పో. ఈల లెక్కల అయివారికియ్యి."

లెక్కల మాస్టరుకు పెండ్లిలో మామగారు పెట్టిన నల్ల కోటు ఉంది. పరుగు పందెం ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఆయనకు తెలియదు. పిల్లలు గీత మీద వంగకముందే రెండుసార్లు ఈల ఊదాడు. నేను తాడు పట్టుకుని, జనాన్ని వెనక్కి నెడుతూ అదంతా చూశాను.

సాయంత్రం కుర్చీలు లోపల పెట్టించాక మేనేజరు గదికి వెళ్ళి నా ఉద్యోగం సంగతి అడిగాను. అప్పటికి రెండేళ్ళుగా నేను తాత్కాలికపు డ్రిల్లు మాస్టరును. వేసవి సెలవులు రాగానే నన్ను తీసేసేవారు. బడి తెరిచాక బుద్ధి పుడితే పిలిచేవారు.

"ఇన్‌స్పెక్టరు నీ గురించి ఒక మంచి మాట రాయల్ల. రాస్తే ఖాయం చేస్తాం" అన్నాడాయన. "రాయల్లంటే ముందు నువ్వు ఆయన కండ్లకు కనపడల్ల గదా. వచ్చే ఏడన్నా ఒక కోటు కుట్టించుకో. లేదంటే మేం ఇంకొకర్ని చూసుకుంటాం."

నాలుగు గుడ్డముక్కలు కలిపి కుడితే నా బతుకు ఖాయం అవుతుందన్నమాట. సరే, కుట్టిస్తాను అనుకున్నాను. కానీ లెక్కల మాస్టరు కోటు లాంటిది కాదు. కర్నూలు క్లబ్బులో టెన్నిస్ ఆడే దొర ఒకాయన ఆట అయ్యాక ఒక కోటు తగిలించుకునేవాడు. గోధుమ రంగు ఉన్ని గుడ్డ, బయట కుట్టిన పెద్ద జేబులు, వదులైన భుజాలు. ఆయన చేతులు పైకెత్తినా కోటు నడుము దగ్గరినుంచి కదిలేది కాదు. ఆటలు నేర్పేవాడికి అలాంటి కోటు కావాలి గాని, దండ వేయించుకునేవాడి కోటు ఎందుకు?

కర్నూలులో ఉన్ని గుడ్డలు పెట్టే అంగడి అప్పట్లో నాకు తెలిసి ఒకటే. వెళ్ళి, పై అరలో ఉన్న గోధుమ రంగు తానును వేలితో చూపించాను.

"ఎవురికప్పా?" అన్నాడు యజమాని.

"నాకే."

"అది దొరలు వేసుకునే గుడ్డ. డ్రిల్లు మాస్టరుకు కాకీ అయితే శానా బాగుంటాది. మురికి కూడా కనపడదు."

నేను చూపిన తాను వైపు ఆయన చెయ్యి కూడా చాచలేదు. నా పక్కన నిలబడ్డ వకీలు గుమాస్తాకు మాత్రం అడగకుండానే మూడు తాన్లు విప్పి పరిచాడు. ఆయన ఆ మూడూ విప్పేదాకా నేను అక్కడే నిలబడి, బయటికి వచ్చాను. తర్వాత ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ అంగడిలో జేబురుమాలు కూడా కొనలేదు. ఆయనకు ఆ సంగతి తెలియకపోవచ్చు. నాకు తెలుసు.

అలా ఏడాదిలో ముప్పావు వంతు గడిచిపోయింది. క్రిస్మస్ సెలవులకు డోన్ దగ్గర మా ఊరికి వెళ్ళాను. ఉదయం చర్చి ఎదుట ఎండలో కూర్చుని, చలికి మా నాన్న గొంగళి కప్పుకున్నాను. ఏమీ తోచక దాని నేత వైపు చూస్తున్నాను. ముతకదే, కానీ దారం దారానికి రంగు మారుతోంది: నలుపులో బూడిద, బూడిదలో గోధుమ. దొరగారి కోటు గుడ్డను దగ్గరగా చూస్తే ఇలాగే ఉంటుంది. ఇంతకాలం బొంబాయి నుంచి వచ్చే తాన్ల కోసం కర్నూలులో మాటలు పడ్డాను. గొర్రెలు మా ఊరి బీడులోనే ఉన్నాయి.

పక్క ఊరిలో గొంగళ్ళు నేసే కురుబ ముసలాయన దగ్గరికి వెళ్ళాను. గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చున్నాడు. వాకిట్లో ఆయన భార్య ఉన్ని వడుకుతోంది.

"తాతా, లేత ఉన్నితో నాకు ఒక గుడ్డ కావల్ల. కోటు కుట్టించుకుంటాను."

"కోటంటే కత్తెర పెడతారు గదా."

"పెట్టకుంటే ఎట్ల?"

"అయితే లేదు పో. గొంగళికి కత్తెర తగలకూడదు. మా తాతల కాలం నించి మేం కత్తెరకు ఇచ్చింది లేదు."

"ఆయన గుడ్డ కోస్తానంటాన్నాడు గాని నీ గొంతు కోస్తానన్నాడా?" అంది భార్య, చేతిలో పని ఆపకుండా. "అంత దూరం నించి నడిచొచ్చినాడు పాపం అయివారు."

"నువ్వు ఊరుకో. గొర్రెలకు రోగమొస్తే నువ్వు పోస్తావా మందు?"

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మూడోనాడూ వెళ్ళాను. కాదన్నవాడి ఎదుట కూర్చోవడం నాకు కొత్త కాదు. మూడోనాడు మధ్యాహ్నం ఆయన మగ్గం ఆపి, గుంటలోంచి కాళ్ళు పైకి తీశాడు.

"అయివారూ, గొంగళి ఎప్పుడు గొంగళి అవుతాదో తెల్సునా నీకు? అంచు పడితేనే. అంచు పడనంతసేపు అది ఉత్త గుడ్డ. నేను అంచు వెయ్యను. ఉత్త గుడ్డ ఇస్తా. దాన్ని కోసుకుంటావో, తలకు చుట్టుకుంటావో నీ ఇష్టం. నా కాడ గొంగళి కొన్నానని మాత్రం యాడా చెప్పొద్దు."

అలా అంచు లేని గుడ్డ నేశాడు. మొదటిసారి కత్తిరించిన గొర్రెపిల్లల ఉన్ని, గోధుమ రంగులో అక్కడక్కడా బూడిద చార. పడుగు దారాలకు చింతగింజల గంజి పెట్టడంవల్ల అట్టలా బిరుసుగా ఉంది. నాకు మాత్రం అది పట్టుకంటే ఎక్కువగా కనిపించింది.

ఆటల పోటీలకు ఇక మూడు వారాలే ఉన్నాయి. గుడ్డ తీసుకుని కర్నూలులో పేరున్న దర్జీ దగ్గరికి వెళ్ళాను. గుడ్డ పట్టుకుని చూసి, బాగుంది అన్నాడు. టేపు తీశాడు. తీసి, "ఏ ఊరప్పా మీది?" అన్నాడు. చెప్పాను. "ఆ ఊళ్ళో ఏ పక్క?" అన్నాడు. అదీ చెప్పాను. మా కుటుంబం క్రైస్తవులై రెండు తరాలు గడిచాయి. అయినా మా పేట ఏ పక్కనుందో చెబితే చాలు, వినేవారికి మిగతాది అర్థమైపోతుంది. ఆయన టేపును నా చేతికి ఇవ్వకుండా బల్లమీద పెట్టాడు.

"నువ్వే పట్టుకోని కొలుచుకో. అంకె చెప్తే నేను రాసుకుంటా."

"నా వీపు నేనెట్ల కొలుచుకునేది?"

"పాత చొక్కా తెచ్చియ్యి. దాన్ని చూసి కుడతా."

గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఆ రోజు ఆదివారం కాకపోయినా, గదికి వచ్చి మోకాళ్ళూని కాసేపు ప్రార్థన చేశాను. ఆ దర్జీని క్షమించమని మాత్రం అడగలేదు.

డోన్ స్టేషను బయట రైల్వే గార్డులకు కోట్లు కుట్టే ముసలి సాయిబు ఒకాయన ఉన్నాడని టికెట్లు ఇచ్చే బాబు చెప్పాడు. శనివారం వెళ్ళాను. ఈయన కూడా ఊరు అడుగుతాడని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. అడగలేదు. నా చేయి పట్టుకుని వెలుతురులోకి లాగి, మెడ వెనక ఎముకను బొటనవేలితో వెతికి, టేపు అక్కడ ఆనించాడు.

"ఏం పని నాయనా నీది?"

"డ్రిల్లు మాస్టరు, మామా."

"అయితే చెయ్యెత్తు. ఊరికే కాదు, పిలకాయల్ని ఉరికించేటప్పుడు ఎట్లెత్తుతావో అట్లెత్తు. ఇంకా పైకి. ఆ." ఎత్తిన చేయి కింద మళ్ళీ కొలిచి సుద్ద గుర్తు పెట్టుకున్నాడు. "గార్డు జెండా ఎత్తినట్లే గదా. నాకు అలవాటే."

గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "దీంట్లో గంజి శానా ఉండాది. రెండు దినాలు నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి తే. తర్వాతే కత్తెర."

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా ఊళ్ళో కొత్త గొంగళిని ఎవరూ తడపరు. గంజి పోతే వానకు ఆగదని, నేత వదులవుతుందని పెద్దలు తిట్టి మరీ చెప్పేవారు. గార్డుల కోట్లు కుట్టేవాడికి గొంగళి సంగతి ఏం తెలుసులే అనుకున్నాను. పైగా రోజులు దాటించి నన్ను వదిలించుకోవాలని చూస్తున్నాడేమో అన్న అనుమానం. అప్పటికి నాకు ఎవరిమీదా నమ్మకం లేదు. గుడ్డను చుక్క నీరు తగలకుండా పెట్టెలో ఉంచి, బుధవారం తెచ్చి, "నానేసినా మామా" అన్నాను.

ఆయన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, కత్తెర తీశాడు.

పోటీలకు నాలుగు రోజుల ముందు కోటు తయారైంది. వేసుకుని చెయ్యెత్తాను, నడుము కదలలేదు. ఇక ఇస్త్రీ ఒక్కటే మిగిలింది. కోటు ఎడమ చేతిమీద ఆయన తడిగుడ్డ పరిచి, బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆనించాడు. ఆవిరితోపాటు చింతగింజల వాసన లేచింది. పెట్టె తీసేసరికి ఎడమ చేయి కుడి చేయికంటే రెండు వేళ్ళు పొట్టిగా ఉంది.

లెక్కల మాస్టరు కోటు, నిమ్మకాయ నీళ్ళ గ్లాసు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

"నానేసినానంటివి?" అన్నాడాయన.

"లేదు మామా. కొత్త గొంగళి తడపకూడదని..."

"తెల్సు. నీ గుడ్డ వాసనే చెప్పింది ఆ పొద్దు. అందుకే లోపల అంతటా మూడు వేళ్ళ మడత వదిలి కుట్టినా."

"తెల్సి యాల కోస్తివి? అప్పుడే అడిగుండచ్చు గదా."

"అయివారిని నిలబెట్టి అబద్ధమాడతాండావా అని అడిగేదెట్లప్పా? రేపు నా మనవణ్ణి నీ బడికి పంపితే వాని వీపు పగలగొడతావు."

అని నవ్వి, కూర్చుని కుట్లన్నీ విప్పడం మొదలుపెట్టాడు. ఆ ముక్కలను నేనే తీసుకెళ్ళి స్టేషను బావి దగ్గర తొట్టిలో నానేశాను. రెండు రోజులు సెలవు పెట్టి, నీళ్ళు మారుస్తూ అక్కడే కూర్చున్నాను. గంజి పోయాక గుడ్డ కుంచించుకుపోయింది, కానీ చేతిలో పడ్డప్పుడు కుందేలు చెవిలా మెత్తగా అనిపించింది. ఆయన మడతలు విప్పి మళ్ళీ కుట్టాడు. పోటీల రోజు పొద్దున రైలుకు నేను వెళ్తుంటే, పరిగెత్తి వచ్చి కిటికీలోంచి చివరి బొత్తాం కుట్టి దారం పళ్ళతో కొరికాడు.

నా జీవితంలో నన్ను ఎవరెవరు ఏమేమన్నారో నా దగ్గర లెక్కంతా ఉంది. నేను అన్యాయం చేసినా ఊరుకున్నవాడు మాత్రం ఆయన ఒక్కడే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రోజు మేనేజరు నా కోటును చూశాడు. బాగుందని మాత్రం అనలేదు. ఈల నా దగ్గరే ఉంది. ఏ పందెమూ రెండుసార్లు మొదలుపెట్టాల్సిన అవసరం రాలేదు. చివర్లో ఇన్‌స్పెక్టరు గారు నా కోటు చేతి గుడ్డను వేళ్ళతో పట్టి చూసి, "ఏ మిల్లుది ఇది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మేనేజరు ముందుకు వచ్చి, "మా జిల్లా గుడ్డేనండీ, మేమే ప్రోత్సహించాం" అన్నాడు. ఆ జవాబు చెప్పవలసింది నేను. సరే, ఇన్‌స్పెక్టరు గారు పుస్తకంలో రాసిన మంచి మాట మాత్రం నా గురించే.

ఏప్రిల్‌లో ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికిస్తూ మేనేజరు అన్నాడు: "ఎండలు ముదురుతాండాయి. ఇంక ఆ కోటు పెట్టెలో పెట్టుకోప్పా. కావల్సినప్పుడు మేం చెప్తాం."

సంతకం పెట్టి కాగితం లోపలి జేబులో పెట్టుకున్నాను. బడి మూసేదాకా, కర్నూలు ఎండలో, ప్రతి రోజూ ఆ కోటు వేసుకునే మైదానానికి వెళ్ళాను. వేడెక్కితే గొర్రె వాసన వచ్చేది. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వేవారు, ఆ నవ్వుతోనే పరిగెత్తేవారు.