రాముడి చెంప మీద నీలిరంగు

మా ఆయన త్యాగరాజుతో ఎవరింటికి పెళ్ళికి వెళ్ళినా నాకు తలవంపులే. అందరూ విస్తళ్ళ ముందు కూర్చుంటే ఈ మనిషి తిన్నగా పూజగదిలోకి దూరేవారు. గోడకున్న పటాన్ని దింపి, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని పక్కనుంచి చూసేవారు. ఆ తర్వాత వేలికణుపుతో మెల్లగా తట్టి వినేవారు. లోపల సుద్దపూత చెక్కపలక నుంచి విడిపోయిన చోట బోలుగా మోగుతుంది. అది మోగిందంటే ఇక ఆయనకి అన్నం సయించదు. పెళ్ళికూతురి తండ్రి వెంటపడి, మీ కృష్ణుడి మోకాలి దగ్గర రేపో ఎల్లుండో పెచ్చు ఊడుతుందని చెప్పి వచ్చేవారు. పెళ్ళిపందిట్లో అలాంటి మాట ఎవరికి రుచిస్తుంది?

మేముండేది చింతాద్రిపేటలో. ఆయన తాతముత్తాతలు తంజావూరులో బంగారు పటాలు వేసిన రాజుల కులంవాళ్ళు. బజారులో అచ్చుబొమ్మలు చవగ్గా దొరికే రోజులొచ్చాక మదరాసులో కొత్త పటం వేయించుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకని ఆయన పాతవి బాగుచేసేవారు. పనస పలక మీద గుడ్డ అంటించి, సుద్దపొడి చింతగింజల జిగురుతో కలిపి పూసి, ఆ పైన బంగారు రేకూ రంగులూ వేసిన పటాలవి. మా ఊరి ఉప్పుగాలికి అవి ఉబ్బుతాయి, పురుగుకి ఆ జిగురంటే ప్రాణం, ఇక ఇంటివాళ్ళు శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో తుడిచి తమ వంతు సాయం తాము చేస్తారు. జిగురు ఉడకబెట్టేదీ రంగులు నూరేదీ నేను. కుంచె పట్టేది ఆయన. ముప్ఫై ఏళ్ళు అలాగే సాగింది.

మామగారు నేర్పిపోయిన రెండు నియమాలు ఆయనకి వేదం. రంగు ఊడిన చోటే పూయాలి, పక్కన ఆవగింజంత కూడా దాటకూడదు. రెండోది ఎంగిలి. కుంచె మొనని పెదవులతో తడిపి సన్నం చేసుకోవడం పటాలు వేసేవాళ్ళలో చాలామందికి అలవాటు. మా ఇంట్లో అది మహాపాపం. దేవుడి పటం దగ్గర నోరు తెరిచి మాట్లాడితేనే ఆయన కళ్ళెర్రజేసేవారు.

మదరాసులో ట్రాములు ఎత్తేయడానికి మూడేళ్ళ ముందు ఒకరోజు, తెల్లరంగులో పసుపు ఎందుకు కలిపావని నా మీద కోప్పడ్డారు. నేను చుక్క పసుపు కూడా కలపలేదు. వయసు మీదపడి చాదస్తం వచ్చిందనుకుని నవ్వి ఊరుకున్నాను. ఆయన కంట్లో శుక్లం దిగుతోందని నాకేం తెలుసు. ఆ వారమే చెంగమ్మగారి వెన్నకృష్ణుణ్ణి పూర్తిచేశారు. వందేళ్ళ పటం, బాలకృష్ణుడి ఒళ్ళు మీగడరంగుకి తిరిగి ఉంది. చెంప మీద పెసరగింజంత రంగు ఊడిన చోట మా ఆయన రూపాయి బిళ్ళంత పూశారు, అదీ సున్నంలాంటి తెలుపు. పిల్లవాడి ముఖానికి బొల్లి వచ్చినట్టుంది.

ఆయన మాత్రం వెనక్కి వాలి, ఎక్కడ పూశానో కనుక్కో చూద్దాం అన్నారు. పని బాగా కుదిరితే నన్నలా ఆటపట్టించడం ఆయన అలవాటు. ఆ ముఖంలో సంతోషం చూసి, కనుక్కోలేకపోతున్నానని చెప్పాను. ఒక్కసారి అలా చెప్పాక, రెండోసారి నిజమెలా చెప్పను? ఆ మాట నాలుగేళ్ళు నా నోరు కట్టేసింది.

చిత్రమేమిటంటే, పటాలు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు కూడా అదే చేశారు. పటం చూసేవారు, నా వైపు ఒకసారి చూసేవారు, కళ్ళకద్దుకుని వెళ్ళిపోయేవారు. పెద్దాయన నొచ్చుకుంటారని అందరికీ మర్యాదే. పోనీ అంతటితో ఆగారా అంటే, చుట్టాల పటాలు కూడా పంపించారు. నాలుగేళ్ళలో ఎనిమిది పటాలు ఆ మర్యాదకి బలయ్యాయి. అందులో ఒకటి మా పూజగదిలోదే.

ఏడోది తిరువొత్తియూరులో పంతులమ్మ మృణాళినిది. వాళ్ళ నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పట్టాభిషేకం. రాముడు ఆకుపచ్చని రాముడు. మా ఆయన తన కంటికి ఆకుపచ్చగా కనిపించిన నీలాన్ని ఆ రాముడి చెంపకి పూశారు. ఎవరో కొడితే కమిలినట్టుంది. ఆ మధ్యాహ్నం ఆయన భోంచేసి నిద్రపోతుంటే నేను పటం ముందు కూర్చున్నాను. మనసు ఒకచోట నిలవడం లేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను. కాటుక చెదిరిన పిల్లల బుగ్గ తల్లులు ఎలా తుడుస్తారో తెలుసు కదా. ఏమాత్రం ఆలోచించకుండా కొంగు చివర నాలుకతో తడిపి రాముడి చెంప అద్దాను. కొంగుకి నీలం అంటింది. కింద పాత ఆకుపచ్చ చెక్కు చెదరకుండా ఉంది.

అప్పుడు తెలిసివచ్చింది నేనేం చేశానో. అయినా ఆపలేదు. చీపురుపుల్లకి దూది చుట్టి, ఉమ్మితో తడిపి, చుట్టూ దాటిన నీలమంతా తీసేశాను. ఉమ్మి జిగటగా ఉంటుంది కాబట్టి కిందికి ఇంకదు, పైన కొత్తగా పూసిందే వస్తుంది. మొదట రంగు ఊడిన చిన్న మచ్చలో మాత్రం సరైన ఆకుపచ్చ కలిపి పెట్టాను. ఆయన లేచి చూశారు, ఏ తేడా కనిపెట్టలేదు. నేను వెళ్ళి స్నానం చేసి, వారం రోజులు పూజగది గడప తొక్కలేదు.

ట్రాములు ఎత్తేసిన మరుసటి ఏడాది, రోడ్డు దాటుతూ సైకిలు కింద పడబోయాక, ఆయన ఎగ్మూరు కంటాసుపత్రికి వెళ్ళడానికి ఒప్పుకున్నారు. కుడికంటికి ఆపరేషన్ చేసి, తలకి అటూ ఇటూ ఇసుకమూటలు పెట్టి, పదిరోజులు కదలొద్దన్నారు. ఆ మనిషికి అంతకంటే జైలు నయం. తల కదపకుండా వేలికణుపుతో మంచం చట్రాన్ని తడుతూ, ఎక్కడ ఎలా మోగుతోందో వింటూ పడుకునేవారు. పక్క మంచాలవాళ్ళు నర్సుకి ఫిర్యాదు చేశారు.

సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని ఇల్లు చేరిన రోజు గుమ్మంలోనే ఆగి, గోడకి సున్నం ఎప్పుడు వేయించావని అడిగారు. వేయించలేదన్నాను. నా చీరని, గిన్నెల్ని, ఆకాశాన్ని చూశారు. తర్వాత పూజగదిలోకి వెళ్ళారు. నేను బయటే నిలబడ్డాను. లోపల మా పటాన్ని గోడ నుంచి దింపిన చప్పుడైంది. వచ్చి కూర్చుని, ఎనిమిది పటాల పేర్లూ వేళ్ళ మీద ఒక్కొక్కటే చెప్పుకున్నారు. తెల్లారేసరికి సంచి సర్దుకుని గుమ్మం దగ్గరున్నారు. అన్నీ తుడిచి మళ్ళీ పూస్తారట. డాక్టరు వంగొద్దన్నాడని గుర్తుచేస్తే వినిపించుకోలేదు.

మొదట చెంగమ్మగారింటికి వెళ్ళాం. మా వీధి చివరే. ఆవిడ పటం ఇస్తూ, పావం, ఆ రోజే చూసినాము, మీ మనసు నొప్పించడం యాల అని ఊరకుంటిమి అంది. ఆ మాటకి ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన పటం ఒళ్ళో పెట్టుకున్నారు. నీళ్ళతో తడిపిన దూదితో చెంప మీది తెలుపు అద్దుతూ పోయారు. నేను పక్కన కూర్చుని దూది ఉండలు చేసిస్తున్నాను. నీళ్ళు వద్దండీ అనే మాట గొంతు దాకా వచ్చింది. అది చెప్పాలంటే ఉమ్మి సంగతి చెప్పాలి. ఉమ్మి సంగతి చెప్పాలంటే, నాలుగేళ్ళుగా నాకంతా కనిపిస్తూనే ఉందని చెప్పాలి. మింగేశాను. తెలుపు వచ్చింది. దాని వెంట నీళ్ళు ఇంకిన సుద్ద మెత్తబడి, పాత మీగడరంగు కూడా పెచ్చుగా వచ్చేసింది. బాలకృష్ణుడికి ఎడమచెంప లేకుండా పోయింది. చెంగమ్మగారు అప్పుడు కూడా పరవాలేదు అనే అన్నారు.

ఆ రోజు నుంచి ఆయనకి నిద్రా లేదు, తిండీ లేదు. నీళ్ళు తగ్గిస్తే ఎలా ఉంటుంది, బియ్యపు కడుగుతో అయితేనో, పాలతో అయితేనో అని విరిగిన పలకముక్కల మీద రంగు పూసి, తుడిచి, మళ్ళీ పూసి చూసేవారు. ఏది పెట్టినా కింది పూత లేచిపోతోంది. ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగేవారు.

కోడంబాక్కం వెళ్ళాం. అక్కడి దామోదరం సినిమా సెట్టింగులకి రంగులేసే మనిషి. మా ఆయన పూసిన మచ్చ చూసి అతను కూడా అప్పట్లో నోరు మెదపలేదు గానీ, స్టూడియో నుంచి తలుపులకేసే రంగు తెచ్చి కృష్ణుడి ఒళ్ళంతా ఒకే రకంగా కొట్టేశాడు. అద్దంలా మెరిసిపోతోంది. ఇప్పుడు బాగుంది గదన్నా అని అడిగాడు. దాన్ని ఇక బ్రహ్మదేవుడు కూడా తీయలేడు. టి. నగర్‌లో శేషాద్రి వాళ్ళమ్మ అసలు పటమే దింపనివ్వలేదు. కృష్ణుడి పొట్ట మీది తెల్లమచ్చని వాళ్ళింట్లో పిల్లలు వెన్న అనుకుంటున్నారట. మా కృష్ణుడు వెన్న పూసుకున్నాడు, తుడిచేదానికి మీరెవరు అని ఆవిడ నిలదీసింది. వచ్చే దారిలో నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

తర్వాత తిరువొత్తియూరు అన్నారు. ఎండన్నాను, దూరమన్నాను, మృణాళిని బడికి వెళ్ళి ఉంటుందన్నాను. ఆదివారం బడేమిటని సంచి తీసుకున్నారు. బస్సెక్కాం. చెంప బాగుండటం చూస్తే తన చెయ్యే అనుకుంటారు. అనుకోనిస్తే పోతుంది. దేవుడా, అనుకోనీ అని మొక్కుకున్నాను.

మృణాళిని పటం దించి ఇచ్చి, కాఫీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఆయన కిటికీ దగ్గర పటాన్ని ఏటవాలుగా పట్టుకున్నారు. ముక్కు ఆనించి చూశారు. తట్టి విన్నారు. పటాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. నెల రోజుల తర్వాత మొదటిసారి ఆ ముఖంలో నవ్వు చూశాను. ఈ ఒక్కదాంట్లో నా చెయ్యి తప్పలేదు అమ్మణీ అన్నారు. నేను తలూపాను.

అంతటితో ఆగే మనిషి కాదు కదా. ఆ రోజు ఏ రంగు కలిపాను, జిగురు ఎంత పోశాను, ఏ కుంచె, ఏ పూట అని గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. అది గుర్తొస్తే మిగిలినవన్నీ సరిచేయొచ్చట. లేచి తిరిగారు, కూర్చున్నారు, నుదురు కొట్టుకున్నారు. ఎప్పుడూ జరగని దాన్ని గుర్తు తెచ్చుకోవాలని ఆ కొత్త కన్ను మూసుకుని అంత కష్టపడుతుంటే నా వల్ల కాలేదు. చెప్పేశాను. బొల్లి మచ్చ మొదలుకుని కొంగు, నాలుక, చీపురుపుల్ల దాకా ఏదీ దాచకుండా చెప్పాను. ఏ మాటలంటారో అని తల వంచుకుని కూర్చున్నాను.

"ఉమ్మితోనా?" అని అడిగారు.

"అవునండీ."

"కింది రంగు కదల్లేదా?"

"కదల్లేదు."

మళ్ళీ పటం చూశారు. మృణాళిని కాఫీతో వస్తే, ఈ చెంప మా ఆడమనిషి చేసిన పని, నాది కాదు అని ఆమెతో చెప్పారు. ఎలా చేసిందో కూడా దాచలేదు. ఆ అమ్మాయి, మా నాయనమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు, నేను ఆమెకి చెప్పబోను అని నవ్వింది. ఇంకా నాలుగున్నాయి, అవి నువ్వే తియ్యి, నేను పక్కన కూర్చుంటాను అని ఆయన నాతో అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ బరువు దిగిపోయిందనుకున్నాను. ఎంగిలి గురించి ఒక్క మాట అనలేదు, దాచినందుకూ అనలేదు. ఇంత తేలిగ్గా పోయేదానికా నేను ఇంతకాలం చచ్చిబతికాను అనిపించింది.

బస్సు కోసం సముద్రం వైపు రోడ్డు మీద నడుస్తున్నాం. నేను ఏదేదో మాట్లాడుతున్నాను, మొదట మన ఇంటి పటం తీద్దామని, దూది మంచిది కొనాలని. ఆయన ఉన్నట్టుండి ఆగిపోయారు. ఆ మందపాటి అద్దాల్లోంచి నన్ను చూశారు.

"చెంగమ్మ ఇంట్లో నేను ఆ చెంప తుడస్తా ఉంటే నువ్వు నా పక్కనే ఉంటివి గదా అమ్మణీ," అన్నారు. "నీళ్ళు తెమ్మంటే తెచ్చిచ్చింది నువ్వే గదా."

అవును, నేనే. చెంగమ్మగారి వంటింట్లోకి వెళ్ళి, గిన్నె నిండా ముంచి తెచ్చాను.