దేవవ్వ ఏడ్పు

మా ఊళ్లో ఎవరు పోయినా డప్పు కంటే ముందు దేవవ్వ గొంతు లేవాలి. పోయిన మనిషి ఏం తిన్నాడు, ఏం కష్టపడ్డాడు, ఎవరికేం చేశాడు, అన్నీ వరుసగా రాగం తీసి ఏడ్చేది. పాట అప్పటికప్పుడు కట్టాల్సిందే. ఒకరి మీద కట్టింది ఇంకెక్కడా ఎత్తకూడదు.

ఆమె కొడుకు రాకేశ్ పద్దెనిమిదో ఏట ఇల్లు విడిచి ఎనిమిదేళ్లయింది. అడిగితే "భివండీల బట్టల సాంచెలు నడుపుతుండు" అనేది. నేను నమ్మాను. "అవ్వకు ఒక్క చీరన్న పంపడా" అని ఎకసెక్కాలాడేదాన్ని. నా నోరు పడిపోను.

మొన్నటి ఎండాకాలం అడవిలో నక్సలైట్లతో యుద్ధం ముదిరి, ఊరి పక్కన పోలీసు క్యాంపు పడింది. మా బెదురు తీర్చాలని ఆదివారాలు జవాన్లు నా అంగన్‌వాడీ వరండాలో కవిత్వం చదివేవారు. తుపాకులు చూసి మొదట్లో ఎవరూ రాలేదు. జవాన్లలో పెద్దపల్లి పిల్లగాడు హనుమండ్లు తన చెల్లెలి మీద రాసుకున్నది చదివితే ఆడవాళ్లు నవ్వారు, అప్పట్నుంచి మేమూ మా పాటలు చెప్పాం. దేవవ్వను చేయిపట్టి తీసుకెళ్లింది నేనే.

ఆ ఆదివారం హనుమండ్లు ఫోన్లో చూసి చదివాడు. "దుక్కి సగముండంగ పోతివా, ఎడమెద్దు నీకోసం మెడ తిప్పె, దానికేం జెప్పుదు నా రాజా."

అందరం కళ్లు తుడుచుకున్నాం. దేవవ్వ తుడుచుకోలేదు.

"ఎవలు రాసిండ్రు బిడ్డా?"

"తెల్వదవ్వా. నిన్న కాల్పులల్ల సచ్చిపోయినోని సంచిల దొరికింది. మంచిగున్నదని రాసుకున్న."

"శవం యాడున్నది?"

"ఆసిఫాబాద్ దవాఖానల. అయినోళ్లు ఎవలూ రాలే."

దేవవ్వ నోరు విప్పితే రేపట్నుంచి పోలీసులు ఇల్లు వదలరు. విప్పకపోతే వాడు దిక్కులేని శవమవుతాడు.

"గా పాట నా పెనిమిటి మీద నేను ఏడ్సింది. అప్పుడు నా రాకేశ్ నా ఒళ్లె కూసున్నడు. నన్ను ఆడికి తీస్కపో బిడ్డా."

హనుమండ్లే జీపు తెప్పించాడు.

మరునాడు శవం ఇంటికొచ్చింది. వాకిట్లో అందరం దేవవ్వ గొంతు కోసం నిలబడ్డాం. కొడుకు పాకింది, నడిచింది, బడికి పోనని ఏడ్చింది, తండ్రికి కొరివి పెట్టింది, అన్నీ చెప్పి ఏడ్చింది. ఇల్లు విడిచిన రోజు దాకా వచ్చి ఆగింది. వాడి చెంప మీద చేయి వేసింది.

"గీ ఎనిమిదేండ్లు యాడున్నవ్, ఏం తిన్నవ్? ఏం జెప్పి ఏడువాలె కొడుకా?"