నేను తోమిన సీసా

మొన్న మా బోరు నీళ్ళు పరీక్షల ఫస్ట్ వచ్చినయి. ఒక్క పూటకే! ఆ పూట నేనెట్ల ఎగిరిన్నో, తర్వాత ఎట్ల ఉరికిన్నో చెప్త, నవ్వుండ్రి.

మా ఊరు కనకమామిడిల ఏ ఇంట్ల జూసినా పిల్లలకు విరేచనాలే. పక్కింటి రూతు కొడుకు చింటుగాడైతే మొయినాబాద్ దవాఖానల సెలైన్ ఎక్కించుకొని వచ్చిండు. "ఏ బోరు నీళ్ళు తాపాల్నో చెప్పేటోళ్ళు లేరు అత్తమ్మా" అని రూతు ఏడిస్తే, మా ఇంటామె సుగుణ నలుగురు ఆడోళ్ళను కూడగట్టి, ట్రైనింగ్ తీసుకొని, తామే టెస్టులు మొదలుపెట్టింది. ఇంటికో చిన్న సీసా. నీళ్ళు పట్టి, మూతబెట్టి, వెచ్చగున్న కాడ ఉంచాలె. నల్లగైతే ఆ నీళ్ళు మంచియి కావు. గంతే.

"మూత తియ్యి, నీళ్ళు పట్టు, మూత పెట్టు. ఇంకేం చెయ్యకు" అని నాకు సీసా ఇచ్చి సుగుణ మీటింగుకు పోయింది.

మూత తీస్తే లోపల ఏదో కాగితం ముక్క, దానికి గోధుమరంగు మరక! ఛీ! ఊరంత చూసే సీసానాయె. చుట్టమొస్తే చెంబు తోమకుండ నీళ్ళిస్తమా? కాగితం పీకి పారేసిన. సబ్బు పెట్టి, బ్రష్షు తిప్పి, తళతళ తోమి, ఎండకు ఆరబెట్టి, అప్పుడు పట్టిన నీళ్ళు.

రెండు దినాలైనంక చర్చి వరండల సీసాలన్ని వరుసగ పెట్టిండ్రు. అన్ని బొగ్గు కలిపినట్టు నలుపు. మాది ఒక్కటే అద్దం! నన్ను పట్టేటోడు లేడు. "మా బాపు చూసిన జాగల ఏసిన బోరు అది, ఊకెనే అనుకున్నరా?" అని మీసం తిప్పిన. "ఫికర్ జెయ్యకు బిడ్డా" అని రూతు ఇంటికాడ నేనే మా బోరు నీళ్ళు బిందె నింపి దించి వచ్చిన.

మళ్ళ చర్చికాడికి వచ్చేవరకు సుగుణ మా సీసాను వెలుతురుకు పట్టి చూస్తున్నది.

"ఏమయ్యా, ఇందుల కాగితమేది?"

"చెత్త అది. తీసి కడిగిన."

"అయ్యో దేవుడా! నీళ్ళను నల్లగ జేసే మందంత ఆ కాగితానికే ఉంటది! చింటుగాడు..."

మాట పూర్తిగానియ్యలే, ఉరికిన. లుంగీ ఒక చేతిల, చెప్పు ఒకటి మోరిల. పోయేవరకు చింటుగాడు గ్లాసు నోటికాడ పెట్టుకున్నడు! గుంజుకొని పారబోసిన. పొయ్యి పక్కనున్న గిన్నె గూడ బోర్లిచ్చిన. పోరడు కెవ్వుమన్నడు.

"మామా!" రూతు నెత్తి పట్టుకున్నది. "నీ బిందె గడప కాడ్నే ఉన్నది, చూడు. నువ్వు పారబోసింది పొద్దున కాగబెట్టి చల్లార్చిన నీళ్ళు!"

"మరి మా బోరును నమ్మలేదా బిడ్డా?"

"నిన్ను నమ్మిన మామా. కని ఏ నీళ్ళైనా కాగబెట్టినంకనే తాపుమని అత్తమ్మ చెప్పింది."

పానం లేచొచ్చింది. ఏడుస్తున్న చింటుగాడిని ఒళ్ళె కూసోబెట్టుకొని, మళ్ళ ఆ గిన్నెడు నీళ్ళు కాగేదాక పొయ్యి ముందట్నే ఉన్న.

కొత్త సీసాల ఈసారి సుగుణనే నీళ్ళు పట్టింది. మళ్ళ మేమే ఫస్ట్! అందరికన్న ముందుగాల నల్లగైనయి.

ఇప్పుడు చింటుగాడు మంచిగున్నడు. నేను గ్లాసు ఇస్తే మాత్రం తాగడు. నన్ను కింద నుంచి మీద దాక చూస్తడు: "తాతా, కాగబెట్టినవా, ఉట్టిగ కడిగినవా?"