నాలుగు మూలల పరీక్ష

నా రిటైర్మెంటుకు నాలుగేళ్లుందనగా, ఒక జూన్ నెలలో, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా నన్ను విజయవాడ నుంచి ఉయ్యూరు వైపు మండలాలకు వేశారు. చక్కెర ఫ్యాక్టరీ దారిలో ఉన్న కిరాణా కొట్ల నుంచి చేపల కొట్ల దాకా అన్ని కాటాలూ నా పరిధిలోకి వచ్చాయి. కాటాలు చూసుకునేవాడికి గంజాయి కేసుతో పనేమిటని అడిగేవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, కోర్టు నుంచి సమన్లు వచ్చేదాకా.

మా పని సంగతి ముందు కొంచెం చెప్పాలి. వ్యాపారి వాడే ప్రతి ఎలక్ట్రానిక్ కాటానూ ఏడాదికోసారి పరీక్షించి సీలు వెయ్యాలి. సీలంటే కాటా అడుగున తీగకు బిగించిన చిన్న సీసం బిళ్ల. దానిమీద ఇన్‌స్పెక్టరు నంబరు ఉంటుంది. ఆ కాటా మీద ఎవరేం తూచినా, ఇది సరైన బరువేనని ఆ నంబరువాడు హామీ ఇచ్చినట్టే.

ఈ ఉద్యోగానికి స్నేహాలు అచ్చిరావు. బజారులో నన్ను గుర్తుపట్టిన కూరగాయలమ్మి రెండు వంకాయలు ఎక్కువ వేసేది. తీసి గంపలో పెడితే నాకు కోపం వచ్చిందనుకుని నాలుగు వేసేది. చివరికి నన్నెరగని పేట చూసుకుని వెళ్లి కొనుక్కునేవాణ్ని. నా భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. పటమటలో రెండు గదుల వాటాలో ఉండేవాణ్ని. ఇంట్లో నాకన్నా ముందు నోరు విప్పేది కుక్కరొక్కటే.

ఆ జూలైలో ఉయ్యూరులో స్టాంపింగ్ క్యాంపు పెట్టాను. బల్ల కాటాకు మూడు పరీక్షలుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందా అన్నది మొదటిది. మా దగ్గరున్న ప్రమాణ రాళ్లు మధ్యలో పెట్టి, పెంచుకుంటూ పోయి చూసేది రెండోది. అదే బరువును నాలుగు మూలల్లోనూ విడివిడిగా పెట్టి చూసేది మూడోది. బరువు ఎక్కడ పెట్టినా ఒకే అంకె రావాలి. ఆ రోజు వాన, వరుస రోడ్డు దాకా ఉంది, పైగా భోజనాల వేళ. నాగలక్ష్మి అనే చేపల వ్యాపారి తెచ్చిన యాభై కిలోల కాటాకు మొదటి రెండు పరీక్షలూ చేశాను. మూడోది చెయ్యకుండానే రిజిస్టరులో 'నాలుగు మూలలు' అన్న గడిలో టిక్కు పెట్టి, సీలు నొక్కాను. ఆ రోజు నేను అలా పెట్టిన టిక్కు అదొక్కటే కాదు.

నవంబరులో ఆమె కొట్టుకు దగ్గర్లో పోలీసులు ఒక ఆటోను ఆపారు. వెనక సీటు కింద గోనెసంచిలో గంజాయి దొరికింది. డ్రైవరు శ్రీను, భవానీపురం మనిషి, ముప్పై దాటినవాడు, బడికెళ్లే కూతురున్నవాడు. సంచి ఎవరో పాసింజరు మర్చిపోయాడని మొదట చెప్పాడట. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఉందని అందరూ నవ్వారు. ఆ తర్వాత తెలిసే తెచ్చానని ఒప్పుకున్నాడు. పట్టుకున్న చోటే తూచి పంచనామా రాయాలి కాబట్టి, నాగలక్ష్మి కొట్టులో కాటా ఉంటే దానిమీద తూచారు. సంచి బరువు పోను ఇరవై కిలోల నూటపది గ్రాములు.

ఆ నూటపది గ్రాముల్లోనే ఉంది అసలు సంగతి. గంజాయి ఇరవై కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య మోతాదు అంటుంది. అప్పుడు పదేళ్లకు తగ్గకుండా శిక్ష. అంతకన్నా ముందు, బెయిలు దాదాపు రాదు. ఇరవైకి లోపలైతే శిక్ష ఎంతన్నది జడ్జిగారి చేతిలో ఉంటుంది, బెయిలుకూ దారి ఉంటుంది. శ్రీనుకు బెయిలు రాలేదు.

రెండేళ్ల తర్వాత కేసు విచారణకు వచ్చింది. కాటా సర్టిఫికెట్టు, రిజిస్టరు పట్టుకుని రమ్మని డిఫెన్సు లాయరు నాకు సమన్లు వేయించాడు. ఆ కుర్రలాయరుకు ఏమీ తెలియదు, చీకట్లో రాయి వేశాడంతే. నేనే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, రిజిస్టరు తీసి చూసుకున్నాను. ఆ పేజీలో టిక్కులన్నీ ఒకే ఊపులో పెట్టినట్టు పైనుంచి కిందికి దిగిపోయి ఉన్నాయి.

మర్నాడు ఇరవై కిలోల ప్రమాణ రాయి జీపులో వేయించుకుని నాగలక్ష్మి కొట్టుకు వెళ్లాను.

"ఆ పోలీసు గొడవయ్యాక దాన్ని పక్కన పడేశానండి. వేరేది కొనుక్కున్నా" అంది ఆమె. పాత కాటాను గోనెపట్టా కింద నుంచి లాగింది. నా సీలు తెగలేదు. రాయి మధ్యలో పెడితే సరిగ్గా ఇరవై. మూడు మూలల్లోనూ ఇరవయ్యే. ముందువైపు ఎడమ మూలలో పెడితే ఇరవై కిలోల రెండువందల ముప్పై గ్రాములు.

"ఆ మూల కొన్నప్పటినుంచీ అంతేనండి. అందుకే మేం ట్రే ఎప్పుడూ మధ్యలోనే పెడతాం. ఆ రోజు మీకు చెబుదామనుకున్నా, మీరు తలెత్తలేదు" అంది.

పోలీసులు సంచి ఎక్కడ పెట్టారని అడిగాను. చేపల ట్రే కాటా మధ్యలో ఉందట. "తీస్తానన్నానండి. ఎందుకులేమ్మా అని ట్రే బరువు పోయేలా సున్నా నొక్కించి, సంచిని ఆ ముందు మూలకి ఆనించారు" అని సరిగ్గా ఆ మూలే చూపించింది.

నూటపది గ్రాములు ఎక్కువని ఒక మనిషి రెండేళ్లుగా లోపల ఉన్నాడు. నా సీలున్న కాటా రెండువందల ముప్పై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. సరుకును మళ్లీ తూచి తేల్చే దారి కూడా లేదు. స్టోరులో ఎండి అది పదిహేడు కిలోలకు దిగిందట. ఎండితే బరువు తగ్గుతుందన్నది ఎవరూ కాదనలేని మాట. ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నాగలక్ష్మికి మూల సంగతి తెలుసు కానీ ఇరవై కిలోల గీత సంగతి తెలియదు.

మా పై అధికారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన మంచివాడు, నా మేలు కోరే చెప్పాడు. "దేవదానం గారూ, సీలు వేసిననాడు బాగానే ఉంది, తర్వాత చేపల ఉప్పునీళ్లకి పాడైందని చెప్పండి. అది అబద్ధమని ఎవరూ అనలేరు" అన్నాడు. నిజమే, ఎవరూ అనలేరు. ఆ వారమంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరూ లేరు కూడా. ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

సాక్ష్యం రోజున మా కేసు పిలుపు మధ్యాహ్నానికి గానీ రాలేదు. వరండా బెంచీ మీద నాకు ఒకపక్క పబ్లిక్ ప్రాసిక్యూటరు, రెండోపక్క డిఫెన్సు లాయరు. కోర్టులో బద్ధశత్రువులు, బయట ఒకే ప్లేటులో పకోడీలు. పొద్దుపోక గంజాయి మీదే వాదన పెట్టుకున్నారు. తాగేవాణ్ని జైల్లో పెడితే దొంగలతో కలిసి దొంగవుతాడనీ, దాన్ని నేరం కాకుండా చేసి, లైసెన్సు కొట్లు పెట్టి పన్ను వేస్తే దొంగ వ్యాపారమే పోతుందనీ కుర్రలాయరు అన్నాడు. ఒకప్పుడు సర్కారే లైసెన్సులిచ్చి అమ్మించేది కదా అని గుర్తుచేశాడు.

"సారాకి లైసెన్సులిచ్చాం, ఏం బాగుపడ్డాం? దీనికి అలవాటుపడ్డ కాలేజీ పిల్లల తల్లులు నా దగ్గరకొచ్చి ఏడుస్తారు, మీ దగ్గరకి కాదు" అన్నారు ప్రాసిక్యూటరు.

ఇద్దరూ నావైపు తిరిగి నా ఉద్దేశం అడిగారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నాకు తెలిసింది తూకాల సంగతేనని తప్పించుకున్నాను. ఇద్దరి మాటలోనూ నాకు నిజం కనిపించింది. కానీ అప్పుడు నా తలలో ఉన్నది ఆ ఎడమ మూల ఒక్కటే.

బోనులో సర్టిఫికెట్టు చూపించాను. మూల పరీక్ష సంగతి నన్నెవరూ అడగలేదు. డిఫెన్సు లాయరు ఇక చాలని కూర్చోబోతుంటే, ఇంకొకటి చెప్పాలని జడ్జిగారి అనుమతి అడిగి అంతా చెప్పాను. ప్రాసిక్యూటరు లేచి, రిజిస్టరులో టిక్కు ఉంది కదా, పరీక్షించినట్టే కదా అన్నారు.

"టిక్కు పెట్టానండి. పరీక్షించలేదు" అన్నాను.

మెట్లు దిగుతుంటే పొద్దున పక్కనే కూర్చుని పకోడీలు తిన్న ప్రాసిక్యూటరు మొహం తిప్పుకున్నారు. బస్టాండు దాకా ఒక్కణ్నే నడిచాను. చెప్పుకోవడానికి ఒక మనిషి లేకపోతే ఎలా ఉంటుందో ఆ దారిలో బాగా తెలిసింది. తర్వాత నాగలక్ష్మిని కూడా పిలిపించి సాక్ష్యం తీసుకున్నారు. నాకు ఛార్జి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆపారు. నా నంబరున్న ప్రతి సీలుకూ వ్యాపారులు వంక పెట్టడం మొదలుపెట్టారని ఆఫీసులో నాతో మాటలు తగ్గించారు. వాళ్లను తప్పుపట్టను.

తీర్పు రోజున నన్నెవరూ పిలవలేదు, నేనే వెళ్లి వెనక వరుసలో కూర్చున్నాను. ఇరవై కిలోలు దాటిందనడానికి సందేహం ఉందన్నారు జడ్జిగారు. గంజాయి తెచ్చిన నేరం రుజువైంది. శిక్ష, అప్పటిదాకా జైల్లో గడిపిన కాలం. రెండేళ్ల నాలుగు నెలలు.

కాగితాలయ్యేదాకా శ్రీనును, పక్కన కానిస్టేబులుతో, నేను కూర్చున్న బెంచీ చివరే కూర్చోబెట్టారు. అతను థ్యాంక్స్ చెబుతాడేమోనని భయపడ్డాను. చెప్పలేదు.

"సారూ, ఆ నాలుగు మూలలూ చూడాలంటే ఎంతసేపు పడుద్దండీ?" అని అడిగాడు.

"నాలుగు నిమిషాలు" అన్నాను.

అతను తల ఊపి, కాగితాలు వస్తే సంతకం పెట్టడానికి లేచాడు.

గంజాయిని నిషేధించాలో, పన్ను వేసి అమ్మించాలో పెద్దలు తేలుస్తారు. జైలు శిక్షయినా పన్నయినా చివరికి కిలోల్లోనే వేస్తారనీ, ఆ కిలో ఎవరో ఒక ఉద్యోగి చేతి మీదుగా వస్తుందనీ మాత్రం నాకు ఈ కేసులో తెలిసింది. శ్రీను మీద వేసిన కిలో నాది. అది తప్పు కిలో.