ఫణీంద్ర కూతురికి పెట్టిన బలం

అశోక్‌నగర్‌లో మేడ మీద పోర్షన్ అద్దెకు తీసుకున్న ఫణీంద్ర విద్యుత్ శాఖలో గుమాస్తా. కాలేజీ రోజుల్లో బాగా పరుగెత్తేవాడు. యూనివర్సిటీ పోటీల్లో ముగింపు గీత దగ్గరికొచ్చాక కళ్లు తిరిగి పడిపోయాడు. కాళ్లలో వేగముంది గాని ఒంట్లో సత్తువ లేదని కోచ్ అన్న మాట పెళ్లై, బిడ్డ పుట్టాక కూడా అతణ్ని వదల్లేదు.

కూతురు త్రివేణికి పదేళ్లొచ్చాయి. అది తొంభై ఆరో సంవత్సరం. తనకొచ్చిన లోటు పిల్లకు రాకూడదని పట్టుబట్టాడు. పొద్దున్నే ఇందిరా పార్కులో పరుగు. సాయంత్రం నారాయణగూడలో రాజేశం అనే ఆయన నడిపే జ్ఞాపకశక్తి క్లాసు. అక్కడ పిల్లలు కళ్లు మూసుకుని పొడవాటి అంకెల వరసలు అప్పజెప్పేవాళ్లు. పాలతో చేపనూనె గోలీలు ఫణీంద్ర ఇచ్చేవాడు. బుర్ర చురుకవుతుందని రాజేశం వేరే గోలీలు అమ్మేవాడు. ఇవి చాలవన్నట్టు, పిల్ల చిక్కిపోతోందని తల్లి అరుంధతి చిక్కడపల్లి మందుల షాపు నుంచి టానిక్ తెచ్చి చెంచాలకొద్దీ పట్టేది. ఎవరికి వాళ్లు తాము ఇచ్చేదే లెక్కలో పెట్టుకున్నారు.

మొదట్లో త్రివేణి స్కూలు పోటీల్లో గెలిచింది. ఆ సంబరంలో ఫణీంద్ర గోలీలు పెంచాడు. చలికాలానికి పిల్ల పెదవులు పగిలాయి, జుట్టు దువ్వెనతో పాటు ఊడిరాసాగింది. లేస్తూనే తలనొప్పి, వాంతులు. కొన్నాళ్లు పరుగు మాన్పించమని అరుంధతి అడిగింది. పోటీలు దగ్గరపడుతుంటే భయంతో వచ్చే జబ్బు ఇదని అతను కొట్టిపారేశాడు. ఆ తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఒకరోజు పార్కులో పరుగెత్తుతూ త్రివేణి ఉన్నట్టుండి ఆగింది. ఆగొద్దని ఫణీంద్ర కేకేశాడు. పిల్ల మళ్లీ పరుగందుకుని, మలుపు దగ్గర తిరగకుండా నేరుగా వెళ్లి ఇనుప కంచెకు కొట్టుకుంది. నుదుటి మీద రక్తం. ఫణీంద్ర పరుగెత్తుకెళ్లి ఎత్తుకున్నాడు.

“నాన్నా, నువ్వు ఇద్దరు కనవడ్తున్నవ్,” అంది త్రివేణి.

ఆటోలో చిక్కడపల్లిలోని పిల్లల డాక్టరు దమయంతి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె కళ్లలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. కంటి వెనక నరం వాచిందనీ, ఆలస్యమైతే చూపే పోవచ్చనీ చెప్పింది. పిల్ల ఏమేం మింగుతోందని అడిగి, అన్నీ తెమ్మంది. కబురందుకున్న అరుంధతి సీసాలన్నీ సంచిలో వేసుకుని రొప్పుతూ వచ్చింది. డాక్టరు ఒక్కో సీసా తిప్పి చదివింది.

“మూడిట్ల అదే ‘ఎ’ విటమిన్ ఉన్నది. ఎక్కువైతే ఒంట్లనే నిలిచి విషమైతది. ఎవరు రాసిచ్చిన్రు ఇవన్ని?”

ఎవరూ రాసివ్వలేదు.

ఆమె పంపిన పెద్దాసుపత్రిలో స్కానింగ్ చేసి, మెదడులో గడ్డ లేదని తేలేదాకా ఇద్దరికీ ముద్ద దిగలేదు. మంచం పక్కన కూర్చుని ఫణీంద్ర గంటగంటకూ వేళ్లు చూపించి ఎన్నని అడిగేవాడు. త్రివేణి గోడవైపు తిరిగి పడుకునేది.

అరుంధతి అతని చెయ్యి పట్టి కిందికి దించింది. “ఇగ పరీక్షలు పెట్టకుండ్రి. కనవడ్డప్పుడు అదే చెప్తది,” అంది.

గోలీలన్నీ ఆపి, మందులు వాడాక, ఉగాది నాటికి చూపు కుదుటపడింది. వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం త్రివేణి తనంతట తానే తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

“నేను మళ్ల ఉరుకుత నాన్నా. గాని నువ్వు రావొద్దు. అమ్మతోని పోత.”

ఫణీంద్ర సరేనన్నాడు. మర్నాడు తల్లీబిడ్డలు పార్కుకు వెళుతుంటే గుమ్మం దాటలేదు.

ఆ వారమే నారాయణగూడ క్లాసు ముందుకు వెళ్లి, పిల్లల కోసం నిలబడ్డ తల్లిదండ్రులకు జరిగినదంతా చెప్పాడు. తన తప్పు కూడా దాచలేదు. రాజేశం బయటికొచ్చి గొడవ చేశాడు. కొందరు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు. ఎక్కువమంది కదల్లేదు. అయినా ఫణీంద్ర మర్నాడు కూడా వెళ్లాడు.