మగ్గం గుంత మీద బండలు

"కట్టించి ఇచ్చిన ఇళ్లలోకి జనం ఎందుకు పోరు? సోమరితనం!" అని కడపలో ఒక సభలో ఒక పెద్దమనిషి తేల్చేశాడు. ఆ మాట మింగుడుపడక మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, టికెట్టు వంద లోపే.

బస్టాండు బయట, నాకు తెలిసిన నేతగాడు ఓబులేసు ఆటోతో ఎదురుచూస్తున్నాడు. ఆటోలో జమ్మలమడుగు నుంచి తెప్పించిన నాపరాతి బండలు.

"బండల మీదే కూర్చో అన్నా. ఇంజనీరు పదకొండుకు వస్తాండాడు."

ఊళ్లో అద్దె ఇంట్లో మగ్గం గుంత తవ్వితే ఓనరు ఊరుకోడు. అందుకే ఓబులేసు ఊరికి దూరమైనా సర్కారు కాలనీ ఇల్లు తీసుకున్నాడు. ఉన్న ఒక్క గదిలో అంతా బండలు పరిచి, కాళ్లు దించి మగ్గం తొక్కడానికి గుంత మాత్రం వదిలాడు. అది పూడిస్తేనే ఇంటి డబ్బుల ఆఖరి బిల్లు ఇస్తామని హౌసింగు ఇంజనీరు అన్నాడట. బిల్లు రాకపోతే తలుపుల్లేవు, గుంత పూడిస్తే కూడు లేదు.

దారంతా వాదిస్తూనే ఉన్నాను. ఊరి నడుమ ఖాళీగా పడున్న సర్కారు స్థలాల్లో చౌక అద్దె ఇళ్లు కట్టలేరా? పనిగదితో కలిపి కట్టలేరా? ఊళ్లో భూమి వ్యాపారానికి, ఊరవతలి ముళ్లకంప పేదలకా?

"ఆ ఇంజనీరుకు చెప్పు మామా, నాకెందుకు? పొద్దుగూకితే ఆడికి నేనే రాను" అని ఆటో డ్రైవరు నవ్వాడు.

"చెప్తా" అన్నాను.

ఓబులేసు భార్య లక్ష్మీదేవి అప్పటికే గుంత మీద అడ్డకర్రలు పేర్చింది. ముగ్గురం బండలు పరిచి, సందుల్లో ఇసుక నింపుతుండగానే ఇంజనీరు వచ్చాడు. గది మధ్యకు నడిచాడు. కాలి కింద గుల్లగా మోగింది. ఆగి, మళ్లీ తొక్కాడు.

"ఏందిది?"

నా ఉపన్యాసమంతా నోటిదాకా వచ్చింది. లక్ష్మీదేవి నీళ్లచెంబు నా చేతిలో కుక్కి, "తాగన్నా. నోరు తెరిచినావంటే మా బిల్లు పాయె" అని గొణిగింది. తాగాను.

"బండ సరిగ్గా కూచోలేదు సార్, సర్దుతా" అన్నాడు ఓబులేసు.

ఇంజనీరు మూలనున్న మగ్గం కర్రల వంక చూశాడు. నేల ఫొటో మాత్రం తీసుకున్నాడు. "నేను పోయినాక సర్దుకో" అని మోటారుసైకిలెక్కాడు.

మంచివాడే. కానీ ఒక మనిషి మంచితనం మీద నిలబడేది పథకం ఎలా అవుతుంది? ఇంటి నమూనాలో మంచానికి చోటుంది, పొయ్యికి చోటుంది, పనికి లేదు. సొంతింట్లో బతుకుదెరువును దొంగసొమ్ములా దాచుకునేవాణ్ని సోమరి అన్న ఆ పెద్దమనిషిని ఆ గుల్లబండ మీద నిలబెట్టాలి.

మీరు వెళ్తే, తీసుకెళ్లిన ఆటోనే ఆపుకోండి. ఆ కాలనీలో తిరుగు ఆటో దొరకదు. నేను ఆపుకోలేదు. రోడ్డుదాకా ఎండలో నడుస్తుంటే, వెనక బండలు ఒక్కొక్కటే లేపుతున్న చప్పుడు.